మీ బావని జరగమను

మా ఆయనా, మా అక్క మొగుడూ ఒకే షెడ్డులో సైలెన్సర్ గొట్టాలు వంచుతారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మొదలైంది గొడవ. తోడల్లుళ్లన్నాక కాస్త ఎడమొహం పెడమొహం మామూలే, కానీ వీళ్లు దాన్ని ఉద్యోగంలా చేస్తున్నారు. బిల్లులు రాయడానికి వచ్చిన నాకు ఇద్దరి మధ్యా మాటలు మోసే పని పడింది. "మీ బావతో చెప్పు" అని ఈయన, "మీ ఆయనతో చెప్పు" అని ఆయన. తిట్లు ఏరేసి మిగిలింది అందించేదాన్ని.

ఆ రోజు వంచాల్సింది రేసు బండి గొట్టం, మరీ పల్చటి రేకు. ఉత్తదాన్ని వంచితే మలుపు దగ్గర నొక్కుకుపోతుంది. అందుకే లోపల పొడి ఇసుక దట్టంగా కూరి, రెండు చివరలా కర్ర బిరడాలు దిగ్గొట్టి, ఎర్రగా కాల్చి వంచుతారు. అప్పటికే రెండు గొట్టాలు పాడయ్యాయి. తప్పు నీదంటే నీదని నా నోటితోనే పోట్లాడుకున్నారు. ఇక మిగిలింది ఇదొక్కటే. ఇదీ నలిగితే షెడ్డు మధ్యలో గోడ కట్టేద్దామని మాత్రం ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు. గోడ లేస్తే అక్కా నేనూ ఏమైపోవాలో ఎవరూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది. భయమూ వేసింది.

గొట్టం ఒక చివర బల్లకు బిగించి ఉంది. మా ఆయన మధ్యలో మంట పట్టారు. బావ రెండో చివర పట్టుకుని, వంపు తిన్నగా వస్తోందా అని ఒక కన్ను మూసి, గొట్టం వెంబడే చూస్తున్నారు.

"ఎరుపెక్కింది, లాగమను" అన్నారు ఈయన.

"బావా, లాగండి."

"లోపలి వైపు మంట తగ్గించమను. ముడత పడేలా ఉంది."

"ఏమండీ, లోపలి వైపు తగ్గించండి."

ఎర్రగా కాలిన రేకు నా కోసం ఆగుతుందా? నేను నోరు తెరిచేసరికే ఆలస్యమైపోతోంది. మలుపు లోపల ముడత లేవనే లేచింది.

అప్పుడు వినిపించింది సన్నటి కూత. బావ ముఖానికి ఎదురుగా ఉన్న బిరడా అంచున నీటి బుడగలు. బావ ఇసుకను నిన్న నా బాణలిలోనే వేయించి డబ్బాలో పోశారు. ఆ డబ్బా ఉన్నది పైకప్పు రేకుకు చిల్లున్న చోట. రాత్రి వాన పడింది. చిల్లు పూడ్చమని ఆయన ఈయనకూ, ఈయన ఆయనకూ కబురు పెడుతూనే ఉన్నారు. లోపల తడి ఆవిరవుతోంది, బల్ల వైపు బిరడా బిగింపులో ఉంది, దానికి బయటికి దారి ఈ బిరడా ఒక్కటే.

మా ఆయన ముఖం పాలిపోయింది. బావ వైపు తిరగలేదు. నా వైపు తిరిగి, "మీ బావని పక్కకి జరగమను" అన్నారు.

నేను చెప్పలేదు. బావ చొక్కా పట్టుకుని గుంజాను. ఇద్దరం నేల మీద పడ్డాం. బిరడా ఢామ్మని ఊడి ఎదుటి గోడకు తగిలింది. బావ తల ఎత్తున సున్నం పెచ్చు రాలింది. వేడి ఇసుక మా కాళ్ల మీద పడింది.

బావ రెండు చేతులతో ముఖం తడుముకున్నారు. తర్వాత నన్నే అడిగారు. "ఏమన్నాడమ్మా మీ ఆయన?"

"మీతో ఏమీ అనలేదు బావా. నాతో అన్నారు."

మా ఆయన మంట ఆర్పేశారు. బల్ల మీద గొట్టం మలుపు దగ్గర నలిగి ఉంది. ఇద్దరిలో ఒక్కరూ అటు చూడలేదు.

"అన్నయ్యా" అన్నారు మా ఆయన. బల్ల చుట్టూ తిరిగి దగ్గరికి వచ్చారు. మళ్లీ అన్నారు. "అన్నయ్యా, కళ్లు కనబడుతున్నాయా?"

బావ అలవాటుగా నా వైపు తిరగబోయారు. నేను తల దించుకున్నాను.

"కనబడుతున్నావులేరా" అన్నారు బావ.