కరెంటు తిరిగి వచ్చినప్పుడు

పప్పు రుబ్బుతూనే లెక్కపెట్టాను. బల్ల మీద రెండు మరచేతులు సుద్దముక్కలు ఎత్తి గిన్నెలో వేస్తున్నాయి. తెల్ల చెయ్యి వందకి నాలుగుసార్లు తప్పింది. పసుపు చెయ్యి ఒక్కసారే తప్పింది. అక్కడితో ఆపి ఉంటే నేనూ పసుపుదే మంచి సరుకనేదాన్ని. రోట్లో పప్పు సగం ఉండగా లోడ్‌షెడ్డింగ్ అయింది.

ప్రేమ్ బజార్‌లో మాది స్టేషనరీ, సైన్సు సామాన్ల కొట్టు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ పక్కన ఆడపిల్లల బడిలో ఆ ఏడాది, తొంభై ఏడులో, రోబోల పాఠం పెడతామన్నారు. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఇనప చేతుల్లాంటివే, బల్లమీద పట్టేంత చిన్నవి కావాలన్నారు. ఏజెంటు రెండు రకాలు ఇచ్చి వెళ్లాడు. ఇంగ్లీషు పుస్తకం చదివి, మరలు బిగించి, ఏది మంచిదో తేల్చే పని వంటింట్లోకి వచ్చింది.

కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక తెర ఉంది. గద్దె మీద మా ఆయన నగరేశ్వరరావు కూర్చుంటారు. బేరానికొచ్చినవాళ్లు తెలియనిది ఏదైనా అడిగితే, ఆయన అదే మాట కొంచెం గట్టిగా తిరిగి అంటారు. నేను తెర వెనకనుంచి మెల్లిగా జవాబిస్తాను. ఆయన అది పైకి చెబుతారు. పెళ్లయిన వారానికే మా అత్తగారు కన్యకాంబ అన్నారు, "మనింటి కోడలు గద్దె కాడ కనబడితే బజారు నవ్వుద్దే గౌరీ" అని. పంతొమ్మిదేళ్లుగా సరుకు ఎంచుతున్నది నేను, ఎంచినవాడన్న పేరు ఆయనది. తూకంలో ఎప్పుడూ ఒక పళ్లెమే కిందికి వాలుతుంటే తప్పు త్రాసులో ఉన్నట్టు. ఈ సంగతి నాకు తెలియక కాదు.

కరెంటు తిరిగి వచ్చింది. పసుపు చెయ్యి ఎవరూ మీట నొక్కకుండానే బారుగా చాచుకుని, వంగి చూస్తున్న నా చెంప మీద కొట్టింది. తెల్లది కదలలేదు. మీట నొక్కేదాకా ఎక్కడిదక్కడే ఆగింది. నొప్పి తగ్గకముందే లెక్క తేలిపోయింది. ఈ ఊళ్లో కరెంటు రోజుకి రెండుసార్లైనా పోతుంది. బల్ల చుట్టూ పదిమంది పిల్లలు వంగి ఉంటారు. నాకు చెంప మీద తగిలింది, వాళ్లకి కంటి దగ్గర తగులుతుంది.

వాచిన చెంప చూపించి ఆయనకి చెప్పాను.

"అంత దగ్గర ముకం ఎవడు పెట్టమన్నాడే? పసుపుది సూడు, అచ్చం ఫ్యాక్టరీ మిషను. తెల్లది బొమ్మలాగుంది. ఏజెంటుకి మాటిచ్చేసినాను."

"పిల్లలు దగ్గరే పెడతారండి ముఖం."

"అన్నీ నీకే తెల్సునేటి? అన్నం పెట్టు."

తెల్లవారితే విశ్వకర్మ పూజ. రైల్వే వర్క్‌షాపు నుంచి సైకిల్ రిక్షా దాకా ఊళ్లో చక్రమున్న ప్రతిదానికీ బొట్టు పడే రోజు. అత్తగారు కుంకం నూనెతో కలిపి నా చేతికిచ్చారు.

"పళ్లచక్రాలకి పెడితే పాడవుతుందత్తయ్యా."

"యంత్రానికి బొట్టెట్టకుండా గడప దాటిస్తావేటి? దీపాలెట్టిందాకా బొట్టు సెరపకు."

పసుపు చేతికి మూత ఉంది, బొట్టు మూత మీద పడింది. తెల్లదాని చక్రాలు పిల్లలకి కనపడాలని తెరిచే ఉంటాయి. దాని మంచితనమే అది. మోచేతి దగ్గర, సరిగ్గా పళ్ల మధ్య, నా వేలితోనే పెట్టాను. వద్దని తెలిసీ పెట్టాను. మారుమాట అంటే ఆ రోజంతా వినాల్సి వచ్చే మాటలు తలుచుకుని పెట్టాను. ఎన్ని పనులు అలా చేశానో ఆ క్షణంలో ఒక్కసారిగా గుర్తొచ్చింది.

పది గంటలకే ఆ బడి హెడ్మిస్ట్రెస్ సరోజాదేవి గారు చేతులు చూడటానికి కొట్టుకి వచ్చారు. మా ఆయన మీట నొక్కగానే తెల్ల చెయ్యి సగం లేచి, కిర్రుమని ఆగిపోయింది.

"సూసినారా మేడం? బొమ్మ అన్నానా!" మా ఆయన నవ్వారు.

"పళ్లలో కుంకం ఉంది, తుడిస్తే తిరుగుతుంది," అన్నాను తెర వెనకనుంచి.

ఆయన పైకి చెప్పలేదు. పంతొమ్మిదేళ్లలో నా మాట తెర దాటకపోవడం అదే మొదటిసారి. అది దాటించడానికి ఆయన తప్ప నాకు మరో దారి లేదని తెలిసిందీ అప్పుడే.

"కరెంటు సంగతి చెప్పండి," అన్నాను, ఈసారి కొంచెం గట్టిగా.

"ఎవరండీ?" అన్నారావిడ.

"మా ఆడోళ్లండి. పూజ పన్లో ఉన్నారు."

"మా పిల్లలు ఊరుకోరండీ, మీదపడి చూస్తారు. పసుపుదానితో భయం లేదు కదా?"

ఆయన ఈ ప్రశ్నని తిరిగి అనలేదు. తెర వైపు చూడనూ లేదు. "సంటిపిల్లైనా ఆడుకోవచ్చు మేడం," అంటూ పసుపుదాని మీట నొక్కారు.

ఆర్డరు మీద సంతకానికి ఆవిడ పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది.

తెర తీసుకుని బయటికి వచ్చాను. గడపలోంచి అత్తగారు "ఓలమ్మో, గౌరీ!" అన్నారు. ఆయన గద్దె మీంచి లేచారు. నేను గోడకున్న స్విచ్చి కట్టేశాను. పసుపు చెయ్యి ఆగింది. బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, ఏడో తరగతి పిల్ల ఎంతవరకు వంగుతుందో అంతవరకు వంగాను. వాచిన చెంప ఇనప వేళ్లకి జానెడు దూరంలో ఉంది. ఆవిడ నా చెంపనీ ఆ వేళ్లనీ మార్చి మార్చి చూశారు.

"ఇప్పుడు స్విచ్చి మీరే వెయ్యండి," అన్నాను మా ఆయనతో.

ఆయన చెయ్యి స్విచ్చి దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది. నేను ముఖం తీయలేదు.