నాగులేటి ఇసుకలో రెండు తుంగలు

నరసరావుపేట బజారులో గులాం మొహిద్దీన్‌కు గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ సీమ సామాను రావడం మానేసింది. అరిగిన చక్రాలకు ఆయనే ఆకురాయి పట్టి కొత్త పళ్ళు దిద్దేవాడు. ఊళ్ళో ఆ పని చేయగలిగినవాడు మరొకడు లేడని ఆయనకు తెలుసు, ఆ సంగతి ఎవరైనా అంటే కాదనేవాడు కాదు. అంతకన్నా గర్వంగా ఆయన చెప్పుకునేది కూతురు సాజిదా గురించి. ఆ వీధిలో ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్ల లేని రోజుల్లో సాజిదా గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది.

పందొమ్మిది వందల నలభై నాలుగు దసరా సెలవులకు ఆ పిల్ల ఇంటికి వస్తూ రెండు చెక్కపలకలు, ఒక సంచీ నిండా పాత పత్రికలు తెచ్చింది. మొక్కల్ని కాగితాల మధ్య పెట్టి అణచి ఆరబెట్టడానికట. బాటనీ చెప్పే శాంతమ్మగారు క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కో మొక్కల కుటుంబం సేకరించమని చెప్పారు. ఒకమ్మాయి మందార జాతి తీసుకుంది, ఒకమ్మాయి తంగేడు జాతి. సాజిదా తుంగల్ని కోరుకుంది.

"పూలన్నీ వదిలేసి ఈ గడ్డి తీసుకున్నావేందే?" అంది తల్లి రజియా.

"గడ్డి కాదమ్మీ, తుంగ. ఇదిగో, ఈ కాడను వేళ్ళ మధ్య పెట్టి తిప్పు."

రజియా తిప్పింది. "పలకలు తగులుతున్నయ్యి."

"మూడు పలకలు. గడ్డి కాడైతే గుండ్రంగా ఉంటుంది, మధ్యలో కణుపులుంటాయి. దీనికి ఒక్క కణుపూ లేదు చూడు."

"పొలాల్లో తిట్టుకుంటా పీకి పారేసేదేగా."

"అందుకేగా తీసుకుంది. అందరూ తుంగ అని పీకేసేవాళ్ళే. ఎన్ని రకాలున్నాయో చూసేవాళ్ళు లేరు."

కాడలూ ఆకులూ కంటికి కనబడతాయి కానీ, తుంగల్లో ఒకదాన్నించి ఒకదాన్ని విడదీయాలంటే చివరికి గింజనే చూడాలి. ఆ గింజేమో ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు. కాలేజీలో చేతి భూతద్దాలు నాలుగంటే నాలుగు. సెలవుల్లో వాటిని ఇళ్ళకు ఇవ్వరు. కూతురు కిటికీ దగ్గర కూర్చుని కళ్ళు చికిలించుకోవడం చూసి, మొహిద్దీన్ గడియారం పనికి కంటికి బిగించుకునే అద్దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఆ మధ్యాహ్నం సాజిదా కొట్లో తండ్రి పక్కన కూర్చుని, తెల్లకాగితం మీద గింజలు రాల్చి ఒక్కొక్కటే చూసింది. కాసేపటికి అద్దం తీసి ఆయనకే ఇచ్చి చూడమంది.

పైకి దుమ్ములా ఉన్న గింజ అద్దంలో ముత్యంలా ఉంది. దాని ఒంటి మీద నిలువునా గీతలు, గీతకూ గీతకూ మధ్య నిచ్చెన మెట్లలాగా అడ్డగీతలు. మొహిద్దీన్ సన్నని పట్టకారులాంటి చిమటాతో దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"ఇంత సన్నపు పని నేను ఏ గడియారంలోనూ చూళ్ళేదమ్మా" అన్నాడు.

ఆ మరుసటి వారం తండ్రీకూతుళ్ళు పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సెక్కి కారెంపూడి వెళ్ళారు. అక్కడ రజియా చెల్లెలి ఇల్లుంది. ఊరి పక్కన పారే నాగులేటి ఒడ్డున తిరిగి, నీళ్ళలో మోకాలి లోతున నిలబడేవీ, బురదలో దుబ్బులు కట్టేవీ, ఇసుకలో జానెడైనా ఎదగనివీ పదికి పైగా రకాలు వేళ్ళతో సహా తెచ్చుకున్నారు. సెలవులు అయిపోయేలోగా సాజిదా ఒక్కటి తప్ప అన్నిటికీ పేర్లు తేల్చింది. ఆ ఒక్కటీ ఇసుకలో పెరిగే చిన్న దుబ్బు. జుట్టంత సన్నని ఆకులు, కాడ చివర గోధుమరంగు చిన్న బంతి.

కాలేజీ తెరిచాక సాజిదా ఆరిన మొక్కల్ని రకానికొక దళసరి కాగితపు షీటు మీద కుట్టింది. పేరు తేలని షీటులోంచి శాంతమ్మగారు ఒక మొక్క గింజ తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. "ఇది ఫింబ్రిస్టైలిస్ జాతి అమ్మా. రాసెయ్యి" అన్నారు.

"బల్బోస్టైలిస్ కూడా కావచ్చేమోనండీ. గింజ ముదరలేదు, తెలియడం లేదు."

"ఈ షీట్లతో కాలేజీలో ఎగ్జిబిషన్ డిసెంబర్లో. మద్రాసు నుంచి ప్రొఫెసర్‌గారు వస్తున్నారు. అందరి షీట్లకూ పేర్లుండి నీ షీటు ఒకటి ఖాళీగా ఉంటే బాగుంటుందా?"

"తెలియనిది రాస్తే ఇంకా బాగుండదండీ."

సాజిదా మాట నెమ్మదిగానే వచ్చింది కానీ వెనక్కి పోయేదిలా లేదు. శాంతమ్మగారికి కొంచెం కోపం వచ్చింది, కొంచెం ముచ్చటా వేసింది. "సరే, ఖాళీగానే పెట్టు. ఎందుకు రాయలేదని ఆయన అడిగితే నువ్వే నిలబడి చెప్పాలి" అన్నారు.

"చెబుతానండీ" అంది సాజిదా.

నవంబర్లో మొహిద్దీన్ స్ప్రింగుల కోసం గుంటూరు వచ్చి, పని చూసుకుని హాస్టల్‌కు వెళ్ళాడు. రజియా పంపిన రొట్టెలు తింటూ సాజిదా ఈ సంగతంతా చెప్పింది.

"ఆ రెండిటికీ తేడా ఏంది?" అని అడిగాడు ఆయన.

"పిందె మీద సన్నని పోగు ఒకటి నిలబడి ఉంటుంది అబ్బాజాన్. గింజ పండాక శాంతమ్మగారన్న జాతిలో ఆ పోగు మొదలంటా ఊడిపోయి నెత్తి నున్నగా అవుతుంది. నేననుకుంటున్న జాతిలో పోగు పోయినా దాని మొదలు ఉండిపోతుంది, చిన్న బొడిపెలాగా. మనం తెచ్చినవన్నీ పచ్చివి. అన్నిటికీ పోగులున్నాయి."

"ఇప్పుడు పండి ఉంటయ్యా?"

"పండే ఉంటాయి. రాలి కూడా పోతూ ఉంటాయి."

మొహిద్దీన్ రైలుకు టైమైందని లేచాడు.

రెండో రోజు పొద్దున్నే ఆయన కొట్టుకు తాళం వేస్తుంటే పక్కనే అత్తరు కొట్టు పెట్టుకున్న ఇమాం సాహెబ్ పలకరించాడు.

"ఏంది భాయ్, పొద్దున్నే మూస్తున్నావు? ఎవరికన్నా ఒంట్లో బాగాలేదా?"

"అంతా బాగానే ఉన్నారు. కారెంపూడి పోతున్నా, తుంగ కోసం."

"గడియారాలు ఇస్తానని నువ్వు మాటిచ్చినోళ్ళు వస్తే ఏం చెప్పేది?"

"ఎల్లుండి ఇస్తానని చెప్పు. గడియారం ఎల్లుండికి కూడా ఉంటది. గింజ రాలితే మళ్ళీ ఏడాదికి గానీ రాదు."

నాగులేటిలో నీరు తగ్గి ఇసుక బయటపడింది. దసరాకు పచ్చగా ఉన్న దుబ్బులన్నీ గోధుమరంగుకు తిరిగాయి. మొహిద్దీన్ ఇసుకలో జేబురుమాలు పరచుకుని కూర్చుని, ఒక బంతిని రెండు వేళ్ళతో మెల్లిగా నలిపాడు. గింజలు వాటంతటవే రాలాయి. అంటే పండినట్టే. కంటికి అద్దం బిగించి చూశాడు. నెత్తి నున్నగా ఉంది. బొడిపె లేదు.

శాంతమ్మగారు చెప్పిందే నిజమన్నమాట అనుకున్నాడు. కానీ ఒక్క గడియారం చూసి అన్నీ అంతేనని నమ్మే అలవాటు ఆయనకు లేదు. పక్క దుబ్బులోంచి ఇంకో బంతి నలిపాడు. ఈసారి గింజ మూడు పలకలుగా ఉంది, దాని నెత్తి మీద చిన్న బొడిపె ఉంది. ఇది సరిగా పండలేదేమోనని చిమటా కొసతో ఆ బొడిపెను కదిపి చూశాడు. ఊడలేదు. అదే దుబ్బులో కాడ మొదట్లో ఇసుక మీద రాలిపడి ఉన్న గింజను ఏరి చూశాడు. దానికీ ఉంది.

మళ్ళీ మొదటి దుబ్బు గింజను చూశాడు. దానికి బొడిపె లేకపోవడమే కాదు, మూడు పలకలు కూడా లేవు. భూతద్దంలాగా రెండు వైపులా ఉబ్బి ఉంది. అప్పుడు ఆయనకు అర్థమైంది, ఇక్కడ ఉన్నది ఒకటి కాదు. ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకే రకం తల ఉన్న రెండు తుంగలు ఒకదానిలో ఒకటి వేళ్ళు కలిపి పెరుగుతున్నాయి.

గింజలు రాలిపోయిన దుబ్బుల్ని ఎలా పోల్చాలి? రెండు మొక్కల్ని పక్కపక్కన పెట్టి వేరు నుంచి పైదాకా అద్దంతో చూసుకుంటూ వచ్చాడు. ఆకు తొడుగు కాడను చుట్టుకున్న చోట బొడిపె ఉన్నదానికి తెల్లని పొడుగాటి నూగు ఉంది. రెండోదానికి లేదు.

అవతల బట్టలు ఉతుకుతున్న బుల్లెమ్మ అనే ఆవిడ ఇదంతా చూసి చూసి దగ్గరికి వచ్చింది.

"ఏం పారేసుకున్నావు సాయిబూ? ఇందాకణ్ణించీ ఎతుకుతానే ఉన్నావు."

"పారేసుకోలేదమ్మా. ఈ తుంగలో రెండు రకాలున్నయ్యి. విడదీస్తున్నా."

"రెండేంది? ఒకటే గదా."

మొహిద్దీన్ రెండు మొక్కలూ ఆమె చేతికిచ్చి తొడుగు దగ్గర చూడమన్నాడు. ఆమె వాటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఆమెకు అద్దం అక్కర్లేకపోయింది.

"అవును, దీనికి మీసాలున్నయ్యి" అంది నవ్వి.

బట్టలు ఆరేదాకా ఆమె కూడా కూర్చుని మీసాలున్నవీ లేనివీ వేరుచేసి ఇచ్చింది. ఆమె విడదీసిన వాటిలో గింజలున్న ప్రతిదాన్నీ మొహిద్దీన్ అద్దంతో సరిచూశాడు. ఒక్కటీ తప్పలేదు. గడియారపు మరలు దాచుకునే డబ్బీలు రెండింటిలో గింజలు వేరువేరుగా పోసి, మొక్కల్ని తడి గోనెలో రెండు కట్టలుగా చుట్టాడు. తిరుగు బస్సులో ఆ గోనె ఒళ్ళోంచి దించలేదు.

మర్నాడు గుంటూరులో సాజిదాకు వాటిని ఇచ్చి ఏదేమిటో మాత్రం చెప్పలేదు. "నేను చూశాను. నువ్వు నీ కళ్ళతో చూడు" అన్నాడు.

ఆమె ముందు ఒక డబ్బీ చూసింది, తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది చూసింది. కట్టలు విప్పి తొడుగుల దగ్గర చూసింది. అప్పుడు పరుగెత్తుకు వెళ్ళి తన షీటు తెచ్చింది. దాని మీద కుట్టిన అయిదు మొక్కల్లో నాలుగింటికి నూగు ఉంది. చివరిదానికి లేదు.

"అబ్బాజాన్, నేను రెండిటినీ ఒకే కాగితం మీద కుట్టాను" అంది. అని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరెట్లా విడదీశారు?"

"అవి కలిసే ఉన్నయ్యమ్మా. నువ్వు చెప్పిన బొడిపె కోసం చూస్తుంటే విడిపోయినయ్యి."

ఆ సాయంత్రం శాంతమ్మగారు రెండు రకాల గింజల్నీ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు, షీటు కూడా తిరగేశారు. "ఆ రోజు నేను తీసి చూసింది ఈ చివరి మొక్కనే అయి ఉంటుంది. దానికి నేను చెప్పిన పేరు సరిపోయింది. మిగిలిన నాలుగూ నువ్వన్నట్టు బల్బోస్టైలిస్. నా మాట విని ఒకే పేరు రాసి ఉంటే ఇద్దరం కలిసి తప్పు రాసేవాళ్ళం" అన్నారు. తర్వాత ఆవిడే దగ్గర కూర్చుని పాత షీటు కుట్లు విప్పించి, రెండు కొత్త షీట్లు తయారుచేయించారు. షీటు కింది మూల అంటించే చీటీలో మొక్క పేరు, దొరికిన చోటు, సేకరించినవారి పేరు రాయాలి. రెండిటి మీదా సాజిదా ఆలోచించకుండా తండ్రి పేరు రాసింది. శాంతమ్మగారు అది చదివి తల ఊపారు.

ఎగ్జిబిషన్ రోజున మొహిద్దీన్ ఇస్త్రీ చేసిన షేర్వాణీ వేసుకుని రజియాను వెంటబెట్టుకు వచ్చాడు. ఇద్దరూ హాల్లో గోడ పక్కన నిలబడ్డారు. మద్రాసు ప్రొఫెసర్‌గారు తెల్లజుట్టు మనిషి, ఒక్కో బల్ల దగ్గరా ఆగి ఓపిగ్గా చూస్తున్నారు. తుంగల బల్ల దగ్గరికి వచ్చి ఆ రెండు షీట్ల ముందు వంగి, చాలాసేపు వంగే ఉన్నారు.

"ఈ గులాం మొహిద్దీన్ ఎవరమ్మా? ఏ కాలేజీలో పనిచేస్తారు?"

"కాలేజీలో కాదండీ. మా నాన్నగారు. నరసరావుపేటలో గడియారాలు బాగుచేస్తారు. అదిగో, అక్కడున్నారు."

ప్రొఫెసర్‌గారు తనే గోడ దగ్గరికి నడిచి వెళ్ళి, ఎట్లా పోల్చారని అడిగారు. మొహిద్దీన్ తడబడలేదు. గింజ పలకల దగ్గర్నుంచి తొడుగు నూగు దాకా వరసగా చెప్పాడు, మీసాలని మొదట అన్నది కారెంపూడి బుల్లెమ్మ అని కూడా చెప్పాడు. విని ప్రొఫెసర్‌గారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"మద్రాసులో మా షీట్ల మీద కూడా ఈ రెండూ కలిసే ఉంటాయి. తిరిగి వెళ్ళగానే అన్నీ తీసి చూడాలి. మీ అమ్మాయిని చదువు ఆపనివ్వకండి" అన్నారు.

"ఎంతవరకుంటే అంతవరకు చదివిస్తాను సార్" అన్నాడు మొహిద్దీన్.

ఆ తర్వాత జనమంతా తుంగల బల్ల చుట్టూ మూగారు. సాజిదా తన స్టూలు తండ్రికిచ్చి పక్కన నిలబడింది. వచ్చినవాళ్ళకు మొక్క ఆమె చూపిస్తుంటే గింజ ఆయన చూపిస్తున్నాడు. ఒకరు అడిగినదానికి ఇంకొకరు జవాబు చెబుతున్నారు.

వెనకనుంచి ఎవరో ఒక పెద్దావిడ మెడ చాచి చూస్తూ, ఆ చెప్పే వాళ్ళెవరని రజియాను అడిగింది.

"ఆ పిల్ల మా అమ్మాయి, ఆయన మావారు" అంది రజియా. "రండి, ముందుకు రండి, ఇక్కణ్ణించి మీకేం కనపడదు."