హేబెలు ఇక్కడే ఉంటాడు

"ఆబెల్‌ని ఇచ్చేద్దాం," అన్నాడు యజమాని గ్రెగ్ డన్‌హమ్. "ఇవాళ నాలుగు జట్లు అడుగుతున్నాయి. రేపు అతని ధర పెరిగాక మనం మోయలేం."

ప్రేమజ్యోతి కాఫీ తాగుతోంది. కప్పు కింద పెట్టకుండానే, "ఇవ్వం," అంది.

డన్‌హమ్ కనుబొమలు పైకి లేచాయి. పోర్ట్ హ్యూరన్ స్టర్జన్స్ అనే ఆ బేస్‌బాల్ జట్టుకు ఆమె జనరల్ మేనేజర్ అయి మూడు నెలలే అయింది. కాకినాడలో స్టాటిస్టిక్స్ చదివి, ఎమ్మెస్‌కని మిషిగన్ వచ్చి, ఈ జట్టులోనే ఇంటర్న్‌గా చేరింది. అప్పటికి బేస్‌బాల్ అంటే కర్రతో బంతిని కొట్టే ఆట అని మాత్రమే ఆమెకు తెలుసు. ఇప్పుడు ఒక కుర్రవాడు పది బంతులు ఆడితే చాలు, వాడు ఎంతదూరం వెళ్తాడో చెప్పగలదు.

"జీతాల మొత్తం నేను చెప్పిన హద్దు దాటకూడదు," అన్నాడు డన్‌హమ్.

"దాటదు. ఫ్లోరిడాలో ప్రాక్టీస్ మొదలయ్యేలోపు ఆబెల్ సంతకం తెస్తాను."

"ఎలా తెస్తారు?"

"అది నేను చూసుకుంటాను."

ఆబెల్ ట్రిండాడ్‌ది డొమినికన్ రిపబ్లిక్. ఇరవై రెండేళ్లవాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్. ఎవరూ అందుకోలేరనుకున్న బంతిని అందుకుని, పడిపోతూనే ఫస్ట్ బేస్‌కు విసిరేస్తాడు. ఇంట్లో అతని సంగతి చెప్పేటప్పుడు ప్రేమజ్యోతి తెలుగు బైబిల్లో ఉన్నట్టే 'హేబెలు' అంటుంది. పెద్ద లీగ్‌లో అతనికి రెండేళ్లు నిండాయి. ఈ ఆటలో కుర్రవాళ్లు మొదటి మూడేళ్లు కనీస జీతానికి ఆడాలి. తర్వాత మూడేళ్లు ఏటేటా బేరం. ఆరేళ్లు నిండాక ఎక్కడికైనా వెళ్లిపోవచ్చు. డబ్బున్న జట్లు ఆ రోజు కోసమే కాచుకుని ఉంటాయి. చిన్న జట్టు అలాంటివాణ్ణి నిలబెట్టుకోవాలంటే ధర ఇంకా పెరగకముందే పిలిచి పెద్ద కాంట్రాక్ట్ రాయించుకోవాలి.

ఆబెల్ ఏజెంట్ మార్లా స్టీన్ ఆ మాట వినడానికి సిద్ధమే. అయితే ఎక్కువ డబ్బు ఈ ఏడాదే కావాలంది.

"వెస్ సాలరీ పోతేనే ఇది ఫిట్ అయితది, జ్యోతి గారు," అన్నాడు రఘువీర్ లాప్‌టాప్ ఆమెవైపు తిప్పి. ఖమ్మం నుంచి వచ్చినవాడు, ఆమె దగ్గర అనలిస్ట్. "బ్యాటింగ్ రెండేళ్ల నుంచి డౌన్ అయితనే ఉంది. వెస్ట్ కోస్ట్‌లో ఒక టీమ్ తీసుకుంటమంటున్నరు. కానీ ఆయన ఒప్పుకోవాలె కదా."

వెస్ హాల్‌డెన్ ఫస్ట్ బేస్ ఆటగాడు, ఆబెల్ విసిరే బంతుల్ని అవతల అందుకునేది అతనే. ముప్పై ఆరేళ్లవాడు. జట్టులో అందరికంటే పెద్ద జీతం అతనిదే, ఇంకా రెండేళ్ల కాంట్రాక్ట్ ఉంది. పదేళ్లు పెద్ద లీగ్‌లో ఆడి, అందులో చివరి ఐదేళ్లూ ఒకే జట్టులో ఉన్నవాణ్ణి అతను ఒప్పుకోకుండా ఎక్కడికీ పంపకూడదు.

"ఏజెంట్‌కి కాల్ చేయమంటరా?"

"వద్దు రఘూ. ఇన్నేళ్లు ఆడిన మనిషికి ఫోన్‌లో చెప్పించే మాట కాదది. నేనే డ్రైవ్ చేసి వెళ్తాను."

చలికాలంలో వెస్‌ను చూడాలంటే ఇంటికి వెళ్లి లాభం లేదు. గడ్డకట్టిన సరస్సు మీద చిన్న చెక్క గుడిసె పెట్టుకుని, మంచులో కంత చేసి, గాలం వేసుకుని కూర్చుంటాడు. ప్రేమజ్యోతి ఒడ్డున కారు ఆపి, మంచు మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వెళ్లి తలుపు తట్టింది. అతను బోర్లించిన బకెట్ చూపించాడు. కూర్చుంది.

"మీరు వేరే జట్టుకు వెళ్తారేమో అడుగుదామని వచ్చాను," అంది.

వెస్ గాలం మీంచి చూపు తిప్పలేదు. "ఎందుకు?"

"ఆబెల్‌ని నిలబెట్టుకోవాలి. మీ ఇద్దరి జీతాలూ కలిపి మోయడానికి డన్‌హమ్ ఒప్పుకోడు."

"కారణం మంచిదే," అన్నాడు. "వెళ్లను. పన్నెండేళ్లు ఓడిపోయే జట్టులో ఆడాను. గెలిచే జట్టు ఇప్పుడిప్పుడే తయారవుతుంటే పొమ్మంటున్నారు."

ప్రేమజ్యోతి చేతి తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ కుర్రాడు విసిరే బంతులు చాలావరకు నేల తాకే వస్తాయి," అన్నాడు వెస్. "వాటిని నేలమీంచి ఏరి పట్టుకుంటున్నది నేను. మీ కంప్యూటర్‌లో అది కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. కానీ తక్కువ."

వెస్ మొదటిసారి నవ్వాడు. "నిజం చెప్పారు. సంతోషం."

ఆమె ఇంకొకసారి అడగలేదు, బతిమాలలేదు. లేచేటప్పుడు అతను రెండు చేపలు సంచిలో వేసి ఇచ్చాడు. ట్రాయ్‌లోని తన ఇంటికి వెళ్లేదాకా ప్రేమజ్యోతి కారులో రేడియో పెట్టుకోలేదు. చెప్పిన గడువుకి పట్టుమని మూడు వారాలు లేవు. డన్‌హమ్‌కు అంత గట్టిగా మాట ఇవ్వకుండా ఉండాల్సిందేమో అని మొదటిసారి అనిపించింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె భర్త కాలేబ్ ఆ చేపలు పులుసు పెట్టాడు. అన్నం వడ్డిస్తూ, "ఆయన వెళ్లనన్నాడుగా. ఇప్పుడేం చేస్తావ్?" అన్నాడు.

"ఉంటాడనుకునే మొదలుపెడతా," అంది. ఆ మాట పైకి అనేసరికి దారి కనిపించింది. వెస్‌ను పంపించాలనుకున్నంతసేపూ ఆమె ఈ ఏడాది దగ్గరే ఆగిపోయింది. రెండేళ్లకు అతని కాంట్రాక్ట్ ఎలాగూ ముగుస్తుంది. ఆబెల్‌కు ఈ రెండేళ్లూ తక్కువ, ఆ తర్వాత నాలుగేళ్లూ బాగా ఎక్కువ ఇస్తే డన్‌హమ్ హద్దు ఏ ఏడాదీ దాటదు. చేయి కడుక్కుని రఘువీర్‌కు ఫోన్ చేసింది.

"మార్లా ఒప్పుకోదు కదా," అన్నాడతను. "ముందే కావాలంటున్నది."

"ఒప్పుకునేది మార్లా కాదు, ఆబెల్. నువ్వు వెస్ ఫీల్డింగ్ వీడియోలు మళ్లీ చూడు. మన కంప్యూటర్ మోడల్ ఆయన్ని తక్కువ లెక్కేస్తోంది."

ఫిబ్రవరి మొదట్లో, ప్రాక్టీస్ ఇంకా మొదలుకాకముందే, ప్రేమజ్యోతి, మార్లా, ఆబెల్ ఫ్లోరిడాలో కలిశారు. ప్రాక్టీస్ మైదానం పక్కన చిన్న గది. కిటికీలోంచి గడ్డి కోసే యంత్రం చప్పుడు. మార్లా కాగితం చదివి పక్కకు నెట్టింది.

"మొదటి రెండేళ్లూ ఇంత తక్కువా? మావాడు ఆగగలడు. నాలుగేళ్లు ఆగితే దీనికి రెట్టింపు వస్తుంది."

"రావచ్చు," అంది ప్రేమజ్యోతి. "ఈలోగా మోకాలు దెబ్బతింటే ఏమీ రాదు. నేనిచ్చేది ఎలా ఆడినా వస్తుంది. వచ్చే ఏడాది నుంచి మూడేళ్లూ ఏటేటా నాతో పోట్లాడక్కర్లేదు."

మార్లా ఏదో అనబోయింది. ఆబెల్ చేయి ఎత్తాడు. అతని ఇంగ్లీష్ నిదానంగా, తప్పుల్లేకుండా ఉంది.

"వెస్ ఉంటాడా? అతన్ని పంపేస్తున్నారని బయట అనుకుంటున్నారు."

'ఉంటాడు' అని ఊరుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు. కానీ రేపు క్లబ్‌హౌస్‌లో వెస్ నోటి నుంచి మిగతాది వింటే, ఈ కుర్రవాడు ఆమె మాట ఇంకెప్పుడూ నమ్మడు.

"వెళ్లమని నేనే అడిగాను," అంది. "నీ కాంట్రాక్ట్‌కు చోటు కావాలని. ఆయన వెళ్లనన్నాడు. ఆయన ఉంటాడు. అందుకే మొదటి రెండేళ్లూ నీకు తక్కువ."

మార్లా ఆమెను వింతగా చూసింది. ఏ మేనేజరూ బేరం మధ్యలో ఇలాంటిది చెప్పడు. ఆబెల్ కిటికీలోంచి మైదానం వైపు చూశాడు.

"వెస్ నాకు ఒక్క మాట చెప్పలేదు," అన్నాడు. "నిన్న కూడా గంటసేపు నాకు బంతులు విసిరాడు." కాగితం తనవైపు లాక్కున్నాడు. "అతన్ని వెళ్లమని మళ్లీ అడగనని చెప్పండి."

"అడగను."

"అయితే ఈ రెండేళ్ల సంగతి నాకు ఫర్వాలేదు, మార్లా."

మార్లా నిట్టూర్చింది గాని ఓడిపోయే మనిషి కాదు. ఆరేళ్లయ్యాక జట్టు కావాలనుకుంటే ఆబెల్‌ని ఏడో ఏడాది కూడా ఉంచుకోవచ్చన్న షరతు తీసేయమని పట్టుబట్టింది. ఇరవై ఎనిమిదేళ్లకే ఆబెల్‌కు మళ్లీ బేరం చేసుకునే వీలుండాలంది. ప్రేమజ్యోతి సాయంత్రం దాకా లాగి, అది వదులుకుంది.

డన్‌హమ్‌కు ఫోన్ చేసింది.

"ఏడో ఏడాది పోయిందా?" అన్నాడాయన.

"పోయింది. ఆరేళ్లు వచ్చాయి. మీ హద్దు దాటలేదు."

"ఆ కుర్రాడికి బదులు నలుగురిని తెచ్చుకునేవాళ్లం."

"ఆ నలుగురూ కలిసినా అతని చోట నిలబడలేరు. కావాలంటే ఏప్రిల్‌లో గ్రౌండ్‌కి వచ్చి చూడండి."

"కాగితాలు పంపండి," అన్నాడు.

ఆ ఏడాది స్టర్జన్స్, సీజన్ చివర మేటి జట్లు ఆడే ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు. వెస్ బ్యాటింగ్ రఘువీర్ చెప్పినట్టే ఇంకా పడిపోయింది. స్టాండ్స్‌లో జనం గొణిగారు, రేడియోలో ఆమె పేరు పెట్టి తిట్టారు. ఆమె జట్టును కదపలేదు. సెప్టెంబర్‌కల్లా ఆబెల్ పొరపాట్లు సగానికి తగ్గాయి. బంతి అటూ ఇటూ పోయినా వెస్ తీసుకుంటాడన్న ధైర్యంతో, ఇదివరకు చేతిలోనే ఉంచేసుకునే బంతుల్ని కూడా విసరడం మొదలుపెట్టాడు. రఘువీర్ మోడల్ మార్చాడు. ఏంచేశావని ఇంకో రెండు జట్లవాళ్లు ఫోన్ చేసి అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

రెండో ఏడు అక్టోబర్‌లో పోర్ట్ హ్యూరన్‌లో ప్లేఆఫ్ మ్యాచ్ జరిగింది. స్టేడియం నిండిపోయి జనం పార్కింగ్‌లో నిలబడ్డారు. మొదటి రౌండ్ గెలిచారు, రెండోది ఓడారు. ఓడిన రోజు వెస్ ఆట మానేస్తున్నానని చెప్పాడు. ఆబెల్ మైదానంలోనే అతన్ని పట్టుకుని ఏడ్చాడు. ప్రేమజ్యోతి వెళ్లి చేయి కలిపితే, "మీరడిగినప్పుడు వెళ్లి ఉంటే ఇది చూసేవాణ్ణి కాదు," అన్నాడు వెస్.

"మీరు వెళ్లి ఉంటే ఇది ఉండేదే కాదు," అంది.

మర్నాడు పొద్దున డన్‌హమ్ ఆమె గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి అన్నాడు.

"మన జట్టులో కొత్తగా బంతులు విసురుతున్న ఆ ఎడమచేతి పిచర్ సంగతి చూడాలి. ఇరవై ఏళ్లకే అలా విసురుతున్నాడు. పెద్ద జట్ల కళ్లు పడకముందే మాట్లాడితే బాగుంటుందేమో."

"వాళ్ల నాన్న రేపు లంచ్‌కి వస్తున్నారు," అంది ప్రేమజ్యోతి. "మీరూ రండి. కాంట్రాక్ట్ సంగతి మాత్రం ఎత్తకండి. రేపు నేను ఆయన చెప్పేది వింటానంతే."