ఎనిమిదో కాలు

పాలవాడు పాలు పోస్తుంటే అందులో నీళ్ళెన్నో లెక్కగట్టే మనిషి ఆవిడ. మందిరంలో పాస్టరు గారు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థించండి అంటే, ఒక కన్ను మూసి, రెండో కంటితో కానుకల సంచి ఎవరి చేతిలో ఉందో కనిపెట్టుకుని ఉండేది. అందుకే సంఘంలో ఆవిడకి పోలీసు మామ్మ అని పేరు పడింది. ఆ పేరు ఎవరు పెట్టారో కూడా ఆరా తీసి పట్టుకుని, ఆ మనిషితో ఏడాది పాటు మాట్లాడలేదు.

అలాంటి మామ్మ మంచం కింద, ట్రంకు పెట్టెలో, శాలువా మడతల మధ్య ఒక దొంగసొత్తు ఉంది. అది ఆవిడ మనవరాలి కాలు.

కంగారు పడకండి, పెట్టుడు కాలు. మనవరాలు ఎడమ మోకాలి కింద ఏమీ లేకుండానే పుట్టింది. దాని అల్లరి చూసి ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అనేవాళ్ళు. తండ్రి, అంటే మామ్మ కొడుకు, పెట్టుడు కాళ్ళు చేసే పనివాడు. చూశారా, దేవుడు ఎరిగే మీ ఇంట్లో వేశాడు అన్నవాళ్ళకి మామ్మ టీ కూడా పొయ్యలేదు. పిల్లలు ఎదుగుతారు గాని పెట్టుడు కాలు ఎదగదు కదా. ఏటేటా తండ్రి కొత్తది చేసేవాడు, పొట్టిదైపోయిన పాతది బీరువా కింది అరలోకి చేరేది. అలా ఏడు కాళ్ళు, అరచెయ్యంత దానితో మొదలై, వరసగా మెట్లలా పేర్చి ఉండేవి. ఎనిమిదో కాలు తొడుక్కుని వీధంతా ఏకం చేస్తున్న రోజుల్లోనే పిడుగుకి జ్వరం వచ్చింది. అది మెదడుకెక్కింది. వారం తిరక్కుండా పిల్ల పోయింది.

శవపేటికలో పడుకోబెట్టినప్పుడు తండ్రే ఎనిమిదో కాలు తొడిగాడు. రెండు కాళ్ళకీ ఆదివారపు బూట్లు వేశాడు. మూత వెయ్యబోయే ముందు గదిలో మామ్మ ఒక్కతే మిగిలింది. గబగబా పట్టీలు విప్పింది, కాలు తీసి శాలువా కింద పెట్టుకుంది. తలెత్తేసరికి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. మామ్మ తడుముకోలేదు.

"ప్రభువు లేపే రోజున దాన్ని రెండు కాళ్ళతో లేపుతాడమ్మాయ్. ఈ కర్రతో ఇక దానికేం పని?"

కోడలు పేటిక దగ్గరికి వచ్చింది. వంగి, పిల్ల గౌను అంచు కిందికి సర్దింది.

వినడానికి విశ్వాసం పొంగిపొర్లే మాటే. కాని లోపలి సంగతి మామ్మకి తెలుసు. ఆ కాలు మట్టిలోకి పోవడం ఆవిడ చూడలేకపోయింది, తనకి కావాలనిపించింది, తీసుకుంది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని దొంగతనం చేసింది. ఏడాదిగా కోడలు ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. పైకి ఏమీ అనని మనిషి లోపల ఏం అనుకుంటోందో ఎలా తెలుస్తుంది? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంట్లో ఎవరు ట్రంకు పెట్టె పేరెత్తినా మామ్మ గతుక్కుమనేది.

అలా ఉండగా సంచీ డాక్టరు దిగాడు. ఆ పేరు మామ్మ పెట్టిందే. అతను సముద్రాలవతల ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేస్తూ సెలవు మీద వచ్చాడు. ఆరాధన అయ్యాక, ఓదార్పు ప్రార్థన చేస్తానంటూ ప్రతి ఆదివారం భుజాన పెద్ద సంచితో ఇంటికి వచ్చేవాడు. చావు జరిగిన ఏడాదికి ఓదార్పు ఏమిటి? అవసరం లేకుండా ఎవరూ ఎవరి గుమ్మమూ తొక్కరని మామ్మ సిద్ధాంతం. ఒక ఆదివారం ఆవిడ టీ పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి డాక్టరు బీరువా ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. అన్నిటికన్నా చిన్న కాలు అతని చేతిలో ఉంది. సొరకాయ లేతదో ముదురో గోటితో గిచ్చి చూసేవాడిలా దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. కొడుకు పక్కనే తల వంచుకుని నిలబడ్డాడు. మామ్మని చూసి ఇద్దరూ లేచారు. ఏం లేదమ్మా, అన్నాడు కొడుకు. ఏం లేదన్న చోటే ఏదో ఉంటుందని మామ్మకి ఒక జీవితకాలం అనుభవం.

ఆ వారంలోనే చిన్న కాలు మాయమైంది.

ఇంకేముంది, డాక్టరే అనుకుంది. మరుసటి ఆదివారం అతను చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు, సంచి దారికి అడ్డంగా ఉందనే వంకతో దాన్ని జరిపి, జరిపిన చేత్తోనే లోపల వెతికింది. బైబిలు, గుండె చూసే గొట్టం, కాగితంలో చుట్టిన సగం రొట్టె. అంతే. ఆ రోజు అతను వెళ్ళేటప్పటికి అరలో ఆరూ ఉన్నాయి. బుధవారానికి అయిదయ్యాయి. అతను రాని రోజున పోయాయంటే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సామెతలో దేవుడు వేరైనా సంగతి నిజమేనని మామ్మ ఒప్పుకుంది. ఒప్పుకుని, బీరువా తలుపుకి తన తలవెంట్రుక ఒకటి అంటించింది.

వెంట్రుక తెగింది కోడలు పనికి బయల్దేరిన పొద్దున. కోడలు కర్టెన్లు కుట్టే కొట్లో పనిచేస్తుంది, చేతిలో ఎప్పుడూ గుడ్డ సంచి ఉంటుంది. ఆ పొద్దున సంచి ఒక పక్కకి పొడుచుకొచ్చి ఉంది.

మామ్మకి రాత్రీ పగలూ అదే ఆలోచన అయింది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒకటొకటే గుర్తుకొచ్చాయి. కొడుకూ కోడలూ వంటగదిలో గుసగుసలాడుకుంటారు, తను వెళితే ఉప్పు డబ్బా ఎక్కడుందని అడుగుతారు. ఇద్దరూ ఫొటోలు దిగొచ్చారు. అటక మీది సూట్‌కేసులు దించి ఎండబెట్టారు. అంటే వెళ్ళిపోతున్నారు. పిల్ల గుర్తులన్నీ చెత్తలో పారేసి, తనని ఎవరింటి వసారాలోనో పడేసి, చేతులు దులుపుకుని పోతున్నారు. లేకపోతే ఇది కోడలి కక్ష కావచ్చు. నువ్వు ఒకటి దాచావు కదా, నేను ఏడూ మాయం చేస్తాను చూడు అని. ఎలా చూసినా చివరికి ఎనిమిదోదాని దగ్గరికే వస్తారు. అడుగుతారు. అడిగితే ఇవ్వాలి. ఇచ్చేస్తే ఈ లోకంలో తనకంటూ పిల్లది ఇంకేమీ మిగలదు. ఆవిడ భయమంతా అదే.

ఏడోది కూడా పోయిన రోజున, మామ్మ చెప్పులేసుకుని కోడలి వెనకాలే బయల్దేరింది. మోకాళ్ళ నొప్పి మాట పక్కన పెట్టింది. కోడలు కర్టెన్ల కొట్టు దాటింది, చెత్తకుండీ కూడా దాటింది, బస్టాపు పక్క సందులోకి తిరిగింది. అది కొడుకు పనిచేసే చోటు. మామ్మ కిటికీ దగ్గర నక్కి లోపలికి చూసింది.

పొడవాటి బల్ల మీద తెల్లటి పొడి, దాని మీద ఆరు కాళ్ళు చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా ఉన్నాయి. కొడుకు ఒకదాని పాదానికి అరిగిన రబ్బరు ఊడదీసి కొత్తది అంటిస్తున్నాడు. కోడలు సంచిలోంచి ఏడోది తీసి, ఒడిలో పెట్టుకుని, కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత బ్లేడు తీసుకుని, చివికిన పట్టీల కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఎవరికి అమ్ముతున్నారు వీటిని?" అంది మామ్మ గుమ్మంలోకి వచ్చి.

కొడుకు స్టూలు తెచ్చి వేశాడు. కూర్చోకుండానే వింది ఆవిడ. డాక్టరు పనిచేసే దేశంలో యుద్ధం ఎప్పుడో ఆగిపోయిందట, కాని పొలాల్లో పాతిన బాంబులు అలాగే ఉన్నాయట. మేకలు తోలుకెళ్ళిన పిల్లలు, నీళ్ళకి వెళ్ళిన పిల్లలు వాటిని తొక్కుతున్నారట. పెద్దవాళ్ళ కాళ్ళు పెట్టెల్లో వస్తాయి గాని పిల్లల కొలతలకి చేసేవాళ్ళు అక్కడ లేరు. తెగిన కాలి మొండి దిగే గిన్నె మటుకు ఎవరిది వాళ్ళకి కొత్తగా పోసుకోవాలి, కింది భాగమంతా పనికొస్తుంది. తనూ భార్యా వెళ్ళడానికి ఒప్పుకున్నారు, అక్కడే ఉండిపోయి చేస్తారు. సంఘం ముగ్గురికి టికెట్లు కొంటోంది.

"ముగ్గురా? మూడో మనిషి ఎవరు?"

"నువ్వేనమ్మా."

మామ్మ నమ్మలేదు. మరి నాకెందుకు చెప్పలేదు, దొంగల్లా ఈ చాటుమాటు వ్యవహారం ఏమిటి అని నిలదీసింది. జవాబు కోడలు చెప్పింది.

"చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా మీరు నన్ను దొంగని చూసినట్టు చూసేవాళ్ళు అత్తయ్యా. పైగా అన్నీ ఒక్కసారే తెచ్చే ధైర్యం నాకు లేకపోయింది. ఒక్కోటి సంచిలో పెట్టుకోడానికే రోజులు పట్టింది."

"ఇవి దానివి," అంది మామ్మ.

"దానికి వీటితో ఇక పనిలేదని మీరే అన్నారు కదా. ఆ రోజు ఆ మాటకి మీ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత అదే పట్టుకుని బతికాను. అది రెండు కాళ్ళతో పరిగెడుతోందని అనుకుంటేనే నాకు నిద్ర పట్టేది. అది నిజమైతే, ఇవి బీరువాలో ఉండక్కర్లేదు."

అప్పుడు కూర్చుంది మామ్మ. తప్పు కప్పిపుచ్చుకోడానికి తను నోటికొచ్చిన మాట అంటే, ఈ కోడలుపిల్ల దాన్ని ఆధారం చేసుకుని ఏడాది నెట్టుకొచ్చింది. తను ఇంతకాలం అనుమానించింది ఈ మనిషినా? ఇన్నేళ్ళలో ఎరగని సిగ్గు వేసింది ఆవిడకి.

"ఎనిమిదోది..." అంది మామ్మ.

"మీ ట్రంకు పెట్టెలో ఉంది. ఆ రోజే తెలుసు. శాలువా కింద బూటు కనబడుతూనే ఉంది."

"మరి అడగలేదేం?"

కోడలు బ్లేడు కింద పెట్టింది. "మీకూ ఏదో ఒకటి ఉండాలి కదా, అత్తయ్యా."

మామ్మ అక్కడే, ఆ తెల్ల పొడి బల్ల మీద తల ఆనించి, పిల్ల పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది. కోడలు ఆవిడ వీపు మీద చెయ్యి వేసి ఉంచింది, మామ్మే ఇక చాల్లే అనేదాకా తియ్యలేదు.

ఇంత జరిగాక ఎనిమిదో కాలు తెచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టిందనుకుంటున్నారా? పెట్టలేదు. వాళ్ళూ అడగలేదు. దాన్ని తన చీరల మధ్య చుట్టుకుని విమానమెక్కింది. దిగిన చోట సామాను తనిఖీ చేసే అధికారి కాలు బయటికి తీసి, తట్టి, లోపలికి చూసి, బూటు ఊడదీసి మరీ చూశాడు. వెనక వరసలో జనం విసుక్కున్నారు గాని మామ్మ విసుక్కోలేదు. పని తెలిసినవాడు అని మెచ్చుకుంది.

మిషన్ ఆసుపత్రిలో ఆవిడ మొదట నీళ్ళని అనుమానించింది, తర్వాత వంటమనిషిని, ఆ తర్వాత దోమతెరలో చిరుగుల్ని. ఈలోగా వరండా పక్క గదిలో కొడుకు పని మొదలుపెట్టాడు, కోడలు పట్టీలూ మొండికి తొడిగే మేజోళ్ళూ కుట్టింది. ఏడు కాళ్ళూ ఒక్కొక్కటే ఎడమ కాలు పోయిన ఏడుగురు పిల్లలకి వెళ్ళాయి. ప్రతిదాన్నీ మామ్మ వరండా చివరిదాకా కళ్ళతో సాగనంపింది. కోడలు మటుకు కొన్నాళ్ళకి కుట్టుమిషన్ మీద పని చేస్తూ చిన్నగా పాడుకోవడం మొదలుపెట్టింది. కొడుకు అన్నం దగ్గర జోకులు వేశాడు. అవి బాగాలేవు. అయినా మామ్మ నవ్వింది.

ఆ తర్వాత ఒక పిల్ల వచ్చింది. ఎనిమిదేళ్ళుంటాయి, ఎడమ మోకాలి కింద లేదు. ఎవరినీ దగ్గరికి రానివ్వదు. బిస్కెట్టు ఇస్తే వాసన చూసి, ఇచ్చినవాళ్ళు ముందు కొరికితే గాని తినదు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆ పిల్ల ఒక కన్ను తెరుచుకుని కూర్చుంది. అది మామ్మకి ఎలా తెలిసిందంటే, ఆవిడా అంతే కాబట్టి.

ఆ పిల్ల పొడవుకి సరిపడే కాలు తన దగ్గర లేదనీ, కొత్త పెట్టుడు పాదాలు ఓడలో రావాలంటే నెలలు పడుతుందనీ కొడుకు చెప్పాడు. మామ్మ చూపుతోనే పిల్ల మోకాలి నుంచి నేలదాకా కొలిచింది. కొలిచి, కోపంగా లేచి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం వచ్చి, బూటుతో సహా ఎనిమిదో కాలు కొడుకు బల్ల మీద పెట్టి, అతని మొహం చూడకుండా వెనక్కి తిరిగింది.

కొత్త గిన్నె పోసి బిగించి తొడిగిన రోజున పిల్ల గోడ వదల్లేదు. దాన్ని నడిపించే పని మామ్మదే. పిడుగుకి నడక నేర్పింది ఆవిడే మరి. ఎదురుగా నిలబడి, రెండు వేళ్ళు చాపి, పిల్ల అందుకోబోతే ఒక అడుగు వెనక్కి వేసేది. ఇప్పుడూ అలాగే చేసింది. పిల్ల ఆవిడ వేళ్ళని అనుమానంగా చూసింది, ఆవిడా పిల్లని అలాగే చూసింది. చాలాసేపటికి గోడ వదిలింది. టక్కుమని నేల మీద బూటు చప్పుడైంది. మళ్ళీ ఒకటి. ఆ చప్పుడు మామ్మ గుండెల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. వెనక్కి నడవడం మానేసి నిలబడిపోయింది, పిల్ల వచ్చి ఆవిడ వేళ్ళు పట్టుకుంది.

పట్టుకుని, కిందికి వంగింది. పిక్క మీద మేకుతో గీసిన చుక్క ఒకటుంది, వంకర టింకరగా, అయిదు కొమ్ములతో. పిడుగు ఎప్పుడో గీసుకుంది. పిల్ల దాని మీద వేలుంచి ఏదో అడిగింది. ఈ కాలు ఎవరిది అంటోందని పక్కనున్న నర్సు చెప్పింది. గదిలో కోడలి కుట్టుమిషన్ ఆగింది. కొడుకు చేతిలో ఆకురాయి ఆగింది. మామ్మకి చెప్పాలనిపించింది. దాని అల్లరీ, దాని జ్వరమూ, శాలువా సంగతీ, అంతా చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"నీదని చెప్పు," అంది నర్సుతో.

పిల్ల నమ్మలేదు. కళ్ళు చిట్లించి మామ్మ మొహంలోకి చూసి, మళ్ళీ అదే అడిగింది. ఈసారి నర్సు నోరు తెరవకముందే మామ్మ వంగి, ఆ పిల్ల చెయ్యి తీసుకుని, అరచెయ్యంతా ఆ చుక్క మీద పరిచి పట్టుకుంది.

"నీదే," అంది.