మూత పడేలోపు

విమానం చక్రాలు నేలకి తగిలాయో లేదో ఫోను తెరిచాను. మామయ్య దగ్గర్నుంచి ఒక్కటే మెసేజ్. "ముహూర్తం మార్చడం కుదరదన్నారు గురువుగారు. పాము ఘడియ దాటకముందే పెట్టె మూత వేసేస్తారు. ఎక్కడున్నావే?"

పాము ఘడియ పదకొండుకి అయిపోతుంది. తావ్యువాన్ విమానాశ్రయం మీద పొగమంచని మా విమానాన్ని సముద్రం మీదే తిప్పి తిప్పి దింపేసరికి తొమ్మిది దాటింది. ఒళ్లో యూన్-యూన్ నిద్రపోతోంది. ఇంకా పాలు మానని పిల్ల. వియత్నాంలో పుట్టింది, మా ఆయన పనిచేసే కుర్చీల ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో. దాని పాస్‌పోర్టు నిన్న మధ్యాహ్నం గానీ చేతికి రాలేదు. అది లేకుండా పిల్లని తేలేను, పిల్లని వదిలి నేను రాలేను.

అమ్మమ్మ పోయి రెండు వారాలు కావస్తోంది. "ఈ మంచిరోజు వదిలేస్తే మళ్లీ నెల దాటాక గానీ లేదు. అన్నాళ్లూ ఆవిణ్ణి ఆ చల్లటి అరలో ఉంచుతామా?" అన్నాడు మామయ్య. సరే అన్నాను. ఇంకేమంటాను?

నన్ను పెంచింది అమ్మమ్మే. పొద్దున్న సంతలో బియ్యప్పిండి, ముల్లంగి కలిపి ఉడికించిన ముద్దని ముక్కలు కోసి, పెనం మీద ఎర్రగా వేయించి అమ్మేది. ఆవిడ తుంటి విరిగిన ఏడాది నేను స్కూలు మానేసి ఆ బండి తోశాను. పెళ్లయి వియత్నాం వెళ్లాక రోజూ ఫోన్లో మాట్లాడేదాన్ని. వీడియో పెడితే ఫోను ఎలా పట్టుకోవాలో ఆవిడకి చివరిదాకా పట్టుబడలేదు. నుదురు కనిపించేది, లేదంటే ఇంటి కప్పు. "అమ్మమ్మా, కిందికి దించు, మొహం కనబళ్లేదు" అంటే, "నా మొహం నీకు తెలీదా ఏంటి, నువ్వు పిల్లని చూపించు" అనేది. అలా రెండేళ్లు నుదురే చూశాను.

మూత పడేలోపు ఆ ముఖం ఒక్కసారి చూడాలి. దార్లో దేవుళ్లందరికీ అదొక్కటే మొక్కుకున్నాను.

పిల్లని గుడ్డతో గుండెలకి కట్టుకుని, భుజాన ఒక సంచితో బయటపడ్డాను. నడుస్తూనే మామయ్యకి ఫోన్ చేశాను.

"దిగావా? రైలెక్కు. ఊదారంగుది ఎక్కు, నీలంది కాదు. నీలంది ప్రతి స్టేషన్లోనూ ఆగి చస్తుంది."

వెనకనుంచి అత్తయ్య గొంతు. "చంటిదాంతో రైలేంటండీ! దిగాక భూమి కింద ఎంత నడవాలో మీకేం తెలుసు? ఏనాడైనా పిల్లనెత్తుకుని నడిచారా? టాక్సీ ఎక్కమనండి."

"శుక్రవారం పొద్దున్న టాక్సీ ఎక్కితే సాయంత్రానికొస్తుంది."

"పోనీ బస్సు?"

"బస్సేమైనా గాల్లో ఎగిరొస్తుందా? అదీ ఆ రోడ్డు మీదేగా!"

"మామయ్యా, ఏదో ఒకటి చెప్పండి," అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినపడింది.

"రైలు" అని మామయ్య, "టాక్సీ" అని అత్తయ్య ఒకేసారి అన్నారు. ఆ పక్కన ఎవరో మామయ్యని పిలిచారు. ఫోను పెట్టేశాడు.

మామయ్య మాటే విన్నాను. కదిలే మెట్లు దిగి, ఇంకా దిగి, రైళ్లాగే చోటికి వెళ్లేసరికి ఊదారంగు బండి తోక సొరంగంలోకి పోతూ కనిపించింది. ఆ తర్వాత వచ్చేది నీలందని బోర్డు మీద ఉంది. దాని వెనక మళ్లీ ఊదాది. నీలంది వచ్చి తలుపులు తెరిచింది. ఒక కాలు లోపల పెట్టాను. ప్రతి స్టేషన్లోనూ ఆగి చస్తుంది అన్న మాట గుర్తొచ్చి కాలు వెనక్కి తీశాను. తలుపులు మూసుకున్నాయి. అది కదిలాక, ఎక్కినా అయిపోయేది కదా, కదులుతూ అయినా ఉండేదాన్ని కదా అనిపించింది. నిలబడ్డం నావల్ల కాలేదు. యూన్-యూన్ లేచి ఏడుపు మొదలుపెట్టింది. ఊదాబండి దిగాక కూడా ఆ పెద్ద స్టేషన్లో దారి వెతుక్కుని పైకొచ్చి మళ్లీ టాక్సీ పట్టుకోవాలి. ఆ టాక్సీ ఏదో ఇక్కడే ఎక్కితే పోలా?

దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాను. నేను పైకొచ్చేలోపే ఆ ఊదాబండి వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. ఆ సంగతి ఇప్పటికీ తలుచుకోకుండా ఉండలేను.

టాక్సీల వరసలో ముందున్నాయన తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కడికి చెల్లెమ్మా?"

"తైపేలో అంత్యక్రియల మందిరానికి. త్వరగా వెళ్లాలన్నా."

ఆయన పిల్లని చూశాడు, నన్ను చూశాడు. గొంతు తగ్గించాడు. "నాది ఇవాళ మొదటి బేరం చెల్లెమ్మా. ఏమీ అనుకోకు. పసిదాన్ని కూడా అటు తీసుకెళ్తున్నావ్... వెనకాల కారెక్కు, వాడు రాత్రి నుంచీ తిరుగుతున్నాడు."

నాకు కోపం రాలేదు. పొద్దున్నే పెనం పెట్టగానే వచ్చి బేరం చెడగొట్టి వెళ్లినవాళ్లని నేనూ తిట్టుకున్నదాన్నే. కానీ భయమేసింది. రెండోవాడు కూడా వద్దంటే? మూడోవాడు?

అందుకని రెండో కారు దగ్గర మాట మార్చేశాను. ఆ మందిరం వెనక వీధిలో ఒక సంత ఉంది. "సంతకి పోవాలన్నా. అర్జెంటు," అన్నాను.

"ఎక్కు ఎక్కు. సంతలో అర్జెంటేంటో, చేపలు అయిపోతాయా?" అని నవ్వాడు. నడివయసు మనిషి. ఎదురుగా పెట్టిన కార్డు మీద ఇంటిపేరు లై అని ఉంది. కారు కదిలీ కదలగానే యూన్-యూన్ ఏడుపు ఆపింది. అద్దంలోంచి దాన్ని చూసి నాలుక టక్ టక్‌మని కొట్టాడు. "ఇదేంటమ్మా, నాకు అప్పున్నవాడిలా గుడ్లురిమి చూస్తోంది నన్ను! ఆడపిల్లేనా? మొహంలో రాజసం ఉంది. వాళ్ల నాన్నకి ఇల్లు కట్టిస్తుంది చూడు."

పెద్ద రోడ్డు ఖాళీగానే ఉంది. కారు దూసుకుపోతోంది. అబద్ధమాడి మంచిపనే చేశాననుకున్నాను. ఊపిరి తీసుకున్నాను. పిల్లకి పాలిచ్చాను.

దారి రెండుగా చీలే చోటు దగ్గరపడుతుండగా లై అన్న తనే మొదలుపెట్టాడు. "సంతకి దగ్గర దారి కొండ పక్కనుంచి చెల్లెమ్మా. సొరంగం దాటితే వచ్చేస్తాం. కానీ అది సరిగ్గా ఆ మందిరం గుమ్మం ముందుకే దింపుతుంది. ఇవాళేమో మంచిరోజు. పొద్దుణ్ణించీ ఎంతమందిని సాగనంపుతున్నారో, ఆ శవాల బళ్ల మధ్యలోంచి పోవాలి. కార్లో పసిదుంది కదా. ఊళ్లోంచి చుట్టు తిప్పి తీసుకెళ్తా. ఎక్కువేం అడగన్లే, భయపడకు."

నోరు తెరిచాను. కొండ దారే పోనీ అన్నా, అనాలి. నాలుగు మాటలు. ఎందుకని అడుగుతాడు. చెబితే ఈ రోడ్డు పక్కన ఆపి దిగమంటే? ఇక్కడ మనిషి కాదు కదా, నీడ కూడా లేదు. ఇప్పుడే కదా నా పిల్లకి దీవెన పెట్టాడు, శవం దగ్గరికి పోతూ పుచ్చుకున్నావా అంటే ఏం చెప్పను? అలా తేల్చుకోలేకుండానే చీలిక వచ్చింది. కారు ఎడమకి మళ్లింది.

ఊళ్లోకి దిగాక అన్నీ ఆగి ఉన్నాయి. ఎర్రదీపం, కాస్త కదలడం, మళ్లీ ఎర్రదీపం. ముందు చెత్తబండి, పక్కన స్కూటర్లు. లై అన్న పాట సన్నగా పెట్టి ఫ్లాస్కులో టీ పోసుకున్నాడు. మామయ్య ఫోన్ చేశాడు. "లోపలికి పిలుస్తున్నారే. ఎంత దూరంలో ఉన్నావ్?" వచ్చేస్తున్నానన్నాను. ఎక్కడున్నానో నాకే తెలీదు. ఫోను పెట్టేశాక ఏడుపు ఆగలేదు. పిల్ల నా మొహం చూసి తనూ మొదలుపెట్టింది.

"ఏయ్, ఏమైంది? చెల్లెమ్మా? ఒంట్లో బాలేదా?"

"నేను వెళ్లాల్సింది ఆ మందిరానికే అన్నా. మా అమ్మమ్మ. మూత వేసేస్తున్నారు."

ఆయన పాట ఆపేశాడు. స్టీరింగు మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు.

"ఓరి నా తల్లో! ముందే చెప్పి ఏడవచ్చుగా! పోయినేడు మా నాన్నని అక్కణ్ణించేగా సాగనంపాను. దయ్యాలకి భయపడే మొహంలా ఉందా నాది? సొరంగం దారైతే ఈపాటికి గుమ్మంలో ఉండేదానివి."

"మొదటాయన ఎక్కించుకోనన్నాడు. నువ్వూ అంటావని..."

"వాడన్నాడని నన్ను కూడా వాడిలో కలిపేశావా?" అంటూనే కారుని పక్క సందులోకి తిప్పాడు. సందులో కూరగాయల లారీ అడ్డంగా ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "బాబాయ్, తియ్యవయ్యా! ఇక్కడ ప్రాణం పోతోంది!" అని అరిచాడు. లారీ ఆయన తాపీగా చూసి, "ఎవరిది?" అన్నాడు. "ఎవరిదైతే నీకెందుకు, తియ్!" లారీ వెనక్కి జరిగింది. ఇంకో సందు, ఇంకో మలుపు. మందిరం ముందు రోడ్డుకొచ్చేసరికి కదిలే చోటు లేదు. పూలు కట్టిన వ్యాన్లు, బస్సులు, బాజాలవాళ్ల బండి.

"ఇక్కణ్ణించి కారు కంటే కాళ్లే నయం. అదిగో గోడ. పరుగెత్తు!"

చేతికొచ్చిన నోట్లు సీటు మీద పడేసి దిగాను. పిల్ల తల చేత్తో అదుముకుని పరుగెత్తాను. లోపల హాళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. అవే తెల్లపూలు, అదే పసుపు గుడ్డ, ప్రతిదాంట్లోనూ ఎవరో ఒక ముసలావిడ ఫోటో. రెండు హాళ్లలోకి తల పెట్టి, నావాళ్లు కాని ఏడుపులు విని బయటికొచ్చాను. మూడోదాని బయట, గోడకి మొహం పెట్టి ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆ ఘడియకి పడని ఏళ్లలో పుట్టినవాళ్లు మూత వేస్తుంటే చూడకూడదు. వీపులు తిప్పి నిలబడతారు. మధ్యలో ఉన్న వీపు అత్తయ్యది. మా లెక్కలో ఏడాదికో జంతువు పేరు, ఆవిడ మేక ఏడాదిలో పుట్టింది.

"అత్తయ్యా!"

"ఆ-షాన్? నేను వెనక్కి తిరక్కూడదే. నా ముందుకి రా. పిల్లనిటివ్వు, చంటిది లోపలికి రాకూడదు. ఇవ్వు, ఇవ్వు!"

గోడకీ ఆవిడకీ మధ్య దూరి, ముడి విప్పి పిల్లని ఆవిడ చేతుల్లో పెట్టాను.

"మూత?" అన్నాను.

అత్తయ్య నా కళ్లలోకి చూడలేదు. "చప్పుడు వినపడిందమ్మా. ఇప్పుడే. వెళ్లు, వెళ్లు."

లోపల అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. పెట్టె మీద మూత ఉంది. మేకులు ఇంకా కొట్టలేదు. అమ్మమ్మ పుట్టింటి తరఫున ఆవిడ తమ్ముడు, మా చిన్నతాతయ్య, ఎర్రగుడ్డ కట్టిన సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. చావుకి వేసుకునే నార ముసుగులో ఉన్న మామయ్య నన్ను చూడగానే లేచాడు.

"తెరవండి. ఇది దూరం నుంచొచ్చింది. ఒక్కసారి చూసుకుంటుంది."

గురువుగారు నల్లటి అంగీలో, పెద్దగా వయసు లేని మనిషి. గొంతు పెంచలేదు. "ఘడియలో పడ్డ మూతండీ ఇది. మళ్లీ తెరిస్తే ఆ చావు దోషం పెద్దవాళ్లకి తగలదు. ఇంట్లో అందరికంటే చిన్న ప్రాణాన్ని వెతుక్కుంటూ పోతుంది. నా చేత్తో నేను తియ్యను. మీరే తీస్తానంటే పక్కకి జరుగుతాను."

ఆయన నిజంగానే పక్కకి జరిగాడు. మామయ్య వెళ్లి మూత అంచు కింద వేళ్లు పెట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. నా వైపు తిరిగాడు.

"చెప్పు ఆ-షాన్. నువ్వు తియ్యమంటే తీస్తా. నాకేం భయం లేదు."

బయట యూన్-యూన్ ఏడుస్తోంది. కొత్త చేతుల్లో, గోడ దగ్గర, గుక్కపట్టి. ఆ ఏడుపుకి నాకు పాలు చేపుకొచ్చి చొక్కా తడిసిపోయింది. ఆ తడి కడుపు దాకా కారుతోంది. ఇవన్నీ నమ్ముతావా అని ఎవరైనా అడిగితే తెలీదనే అంటాను. తెలీనిదాని మీద పిల్లని ఎలా పెట్టను? చెక్క మందం నాలుగు వేళ్లుంటుందేమో. దాని కింద ఆవిడ ముఖం ఉంది. మామయ్య వేళ్లు అక్కడే ఉన్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు.

"వద్దు మామయ్యా," అన్నాను.

"ఆలోచించుకో. మళ్లీ ఉండదు."

"వద్దు. చెయ్యి తియ్యండి."

మామయ్య వేళ్లు తీసి, మొహం కప్పుకున్నాడు. గురువుగారు మళ్లీ తన చోటికొచ్చి, మేకులు కొట్టబోతున్నామనీ, ఆవిడ బెదరకుండా అందరూ పిలిచి తప్పుకోమని చెప్పాలనీ అన్నాడు. చిన్నతాతయ్య ఒక మూలకి నడిచాడు.

"అమ్మా, మేకొస్తోంది, తప్పుకో!" అని మామయ్య మొదలుపెట్టాడు. తలా ఒక వరసతో పిలిచారు. నేను పెట్టె పక్కనే కూలబడి చెక్కకి చెంప ఆనించాను. పచ్చి చెక్క వాసన. ఆవిడ వాసన లేదు.

"అమ్మమ్మా, ఇటు వైపు మేకొస్తోంది, అటు జరుగు!" అని అరిచాను. సుత్తి పడింది. ఆ దెబ్బ నా దవడలో తగిలింది. చిన్నతాతయ్య రెండో మూలకి కదిలాడు. నేను లేవలేదు, మోకాళ్ల మీదే పాక్కుంటూ ఆయన వెనకే వెళ్లాను. "అమ్మమ్మా, ఇప్పుడిటు! ఇటొస్తోంది, తప్పుకో!" మూడో మూల దగ్గర నా అరుపుకి మిగతావాళ్లు ఆగిపోయారు. నా ఒక్కదాని గొంతే ఆ హాల్లో మిగిలింది, బయట నా పిల్ల గొంతు.

నాలుగో మూలకొచ్చేసరికి మాట బయటికి రాలేదు. పెదాలు కదిపాను. చిన్నతాతయ్య సుత్తి పైకెత్తి, నా వైపు చూసి, నేను చెప్పడం పూర్తయ్యేదాకా ఆగాడు.