గీసింది గీసిందే

మా ఊరి స్కేటింగు కప్పు సంగతి చెప్పాలంటే ముందు హోటలు నడిపిన లుత్సీ గురించి చెప్పాలి. ఆయనకి మంచు మీద గెంతేవాళ్ళంటే ఒళ్ళుమంట. "గెంతడానికి కొండమీద మేకలున్నాయి కదా, మనుషులెందుకు?" అనేవాడట. ఆయన దృష్టిలో స్కేటింగంటే ఒకటే పని. కాలికింది బ్లేడుతో మంచు మీద గుండ్రంగా ఎనిమిది అంకె గీయాలి, మళ్ళీ అదే గీత మీద వెంట్రుకవాసి అటూ ఇటూ పోకుండా గీయాలి, ఆపైన ఇంకోసారి. సంగీతం లేదు, తళుకుల గౌను లేదు. చూసేవాడికి నిద్రొస్తుంది, గీసేవాడికి ప్రాణం పోతుంది. ఇలాంటి పోటీ పెడితే చలికాలం హోటలు గదులు నిండుతాయని లుత్సీ ఆశపడ్డాడు. గదులు నిండలేదు గానీ పోటీ నిలబడింది.

మొదటి ఏడు వచ్చింది ఇద్దరు జర్మన్లు, దారి తప్పి వచ్చినట్టున్న ఒక స్వీడన్ దొర. అయినా లుత్సీ వెనకాడలేదు, బోర్డు మీద 'అంతర్జాతీయ' అని రాయించేశాడు. యుద్ధం రోజుల్లో సరిహద్దు దాటి ఒక్కరూ రాలేదు. అప్పుడాయన ఒక్కడే గడ్డకట్టిన సరస్సు మీదికెళ్ళి గీతలు గీసుకుని, బాగాలేవని తేల్చి, కప్పు ఎవరికీ ఇవ్వకుండా ఇంటికొచ్చేవాడు. తర్వాత తర్వాత పేరు పాకింది. సరస్సు పోయి మంచు పరిచిన రింకు వచ్చింది, రింకుకి పైకప్పు వచ్చింది. వియన్నా నుంచీ హెల్సింకీ నుంచీ పిల్లలు రావడం మొదలెట్టారు.

లుత్సీ పోయినా ఆయన పెట్టిన పద్ధతులు పోలేదు. పోటీలో నాలుగు రకాల గీతలు గీయాలి, ఆఖరి గీతకి ఏ కాలితో మొదలెట్టాలో చేతి తొడుగు తేల్చాలి. మొదటి ఏడు నాణెం మరిచిపోయి తన తొడుగు విసిరాడట, అదే ఆచారమైపోయింది. బొటనవేలు పైకి పడితే కుడికాలు, కిందికి పడితే ఎడమకాలు. కాలు తప్పితే ఆ గీతకి సున్నా. స్కేటరు తొడుగు వైపు చూడకూడదు. వీపు తిప్పి నిలబడాలి, రెఫరీ నోట మాట రాగానే కదలాలి. రెండోది, అడ్డుచెక్కల వెనక ఉన్న స్కేటరు తాలూకు మనిషి, గురువు గానీ తల్లి గానీ, నోరెత్తినా చెయ్యి ఊపినా ఆ స్కేటరు పోటీలోంచి అవుట్. ఇక మూడోది మా ఊళ్ళో సామెతై కూర్చుంది: గీసింది గీసిందే. లుత్సీ సొంత కూతురు గీస్తుంటే ఎవరిదో కుక్క రింకులోకి దూరి ఆమె కాళ్ళకి అడ్డం పడిందట. ఇంకోసారి గీయనివ్వమని అందరూ బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు. కూతురు చాలాకాలం తండ్రితో మాట్లాడలేదని మా అమ్మ చెప్పేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అన్ని పోటీల్లోంచీ గీతలు తీసేస్తున్నారని ఒక ఏడు కబురొచ్చింది. టీవీలో ఇవెవరు చూస్తారని స్కేటింగు పెద్దసంఘం వాళ్ళు ఓటేసి తేల్చేశారు. ఇక ఏ దేశంలోనూ పిల్లలకి గీతలు నేర్పరు. నేర్చినవాళ్ళే లేకపోతే మా కప్పుకెవరొస్తారు? ఆ ఏటి పోటీయే ఆఖరిదని కప్పు కమిటీ ప్రకటించింది. వెండి కప్పు మీద పేర్లు చెక్కే చోటు కూడా ఒక్కరికే మిగిలిందని కంసాలి చెప్పాడు.

ఆ చోట్లో నా మేనకోడలు మెంజ పేరు ఉండాలని నా కోరిక. ఆమెకైతే అది కోరిక కాదు, ఊపిరి.

మెంజ మా తమ్ముడు ఫ్లూరిన్ కూతురు. చిన్నప్పుడు పడి తుంటి విరిగితే డాక్టరు ఇక గెంతొద్దన్నాడు. గెంతలేని పిల్లకి గీతలే దిక్కయ్యాయి. పొద్దున్న తండ్రి మాంసం కొట్లో సాసేజీలు తూచేది, మధ్యాహ్నం నా దగ్గరికి రింకుకొచ్చేది. ఏళ్ళ తరబడి నేర్పాను, అంత చక్కటి కాలు నేనెక్కడా చూడలేదు. కానీ అదృష్టం? ప్రతి ఏడూ ఎవరో ఒకరు అర మార్కుతో దాటిపోయేవారు. రెండోస్థానం ఆమెకి ఇంటిపేరైపోయింది. మా ఊరివాళ్ళెవరూ ఆ కప్పు గెలవలేదు, ఆ దెప్పు కూడా పిల్ల నెత్తిమీదే.

పోటీ రోజు ఉదయం మొదటి మూడు గీతల్లోనూ మెంజే ముందుంది. ఇక మిగిలింది ఆఖరి గీత, ఎనిమిది అంకెకి రెండువైపులా చిన్న ముడి. అందరికంటే చివర మెంజ వంతు. అడ్డుచెక్కల వెనక నా పక్కన ఫ్లూరిన్, కొట్టు ఏప్రన్‌తోనే వచ్చి నిలబడ్డాడు.

"ఇంతకాలం సున్నాలు చుట్టించావు అక్కా, ఇవాళైనా ఏమైనా వస్తుందా?" అన్నాడు.

"నోరు ముయ్యరా. నీ సాసేజీలు గుండ్రంగా ఉండవా ఏం?"

"వాటిని తినొచ్చు."

నవ్వాడు గానీ పెదవులు తడారిపోయి ఉన్నాయి. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదట.

రెఫరీ ప్రోథెరో గారు ఇంగ్లండు మనిషి. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకసారి మా కప్పు గెలిచాడు, తర్వాత జడ్జీగా ఏటేటా వచ్చేవాడు. ఆఖరి ఏడు కదా అని రెఫరీ పని కమిటీ ఆయనకే అప్పజెప్పింది. మంచి మనిషి. మెంజ గీతలంటే ఆయనకి ప్రాణం. ఆయన ఏ భాషలో పిలిచినా ఫరవాలేదు. కుడి, ఎడమ అనే మాటలు మా రింకు పిల్లలకి నాలుగు భాషల్లో వచ్చు. మెంజకి ఇంగ్లీషులో వచ్చినవి ఆ రెండు మాటలే.

ముందు గీసినవాళ్ళందరికీ ఆయన తొడుగు విసిరి ఒక్క మాటే చెప్పాడు. మెంజ దగ్గరికొచ్చేసరికి కాసేపు ఊరికే నిలబడిపోయాడు. ఆఖరి కప్పులో ఆఖరి స్కేటరు. ఆ పైన ఇక తొడుగు విసిరే పని ఎవరికీ ఉండదు. మెంజ వీపు తిప్పి నిలబడింది. ఆయన తొడుగు విసిరాడు, వంగి చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఇక కానిద్దాం అని తనకి తాను చెప్పుకున్నట్టు, "రైట్" అన్నాడు.

ఇంగ్లీషువాళ్ళకి కుడి అన్నా రైటే, సరే కానీ అన్నా రైటే.

అని, జేబురుమాలు తీసి గట్టిగా ముక్కు చీదుకుని, ఆ రుమాల్లోంచే "లెఫ్ట్" అన్నాడు.

అప్పటికే మెంజ కుడికాలు మీద వెళ్ళిపోయింది.

ఆపగలిగినవాడు రెఫరీ ఒక్కడే, అదీ మొదటి చుట్టు పూర్తికాకముందే. ఆయన మొహం రుమాల్లో ఉంది. జడ్జీలు ఆచారం ప్రకారం అటు తిరిగి నిలబడ్డారు. గీత అయ్యాకే వాళ్ళు చూస్తారు. నేను చెక్క పట్టుకుని మనసులోనే మొత్తుకున్నాను. అయ్యా, తలెత్తు, ఒక్కసారి తలెత్తు. ఆయన తలెత్తలేదు. రుమాలు మడత పెట్టుకుంటున్నాడు.

"ఏమైందే?" ఫ్లూరిన్ నా మొహం చూసి గొణిగాడు.

"కాలు తప్పింది. ఎడమది చెప్పాడు."

"చెప్పవే మరి! మెం..."

రెండు చేతులతో వాడి నోరు మూసేశాను. అరిస్తే అంతటితో పిల్ల కథ ముగిసిపోతుంది. వాడు గింజుకున్నాడు. పశువుల్ని పడగొట్టే మనిషి, నన్ను తోసెయ్యడం వాడికొక లెక్కా? తొయ్యలేదు. నా అరచేతులు మాత్రం వాడి నోటి మీంచి తియ్యలేదు. అంతలో మెంజ మొదటి చుట్టు మూసింది. ఇక ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

ఆ తర్వాత మేం చెయ్యగలిగింది చూడడమే. చూశాం. అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? ఎందుకంటే ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎప్పుడూ గీయలేదు. గీత మీద గీత, ముడి మీద ముడి. బ్లేడు చప్పుడు కూడా వినబడలేదు.

అయిపోయింది. జడ్జీలు ఇటు తిరిగి గీత దగ్గరికొచ్చారు. ఒకాయన మోకాళ్ళ మీద వంగాడు, ఆస్ట్రియావిడ ఏకంగా బోర్లా పడుకుని చెంప మంచుకి ఆనించి చూసింది. మూడు గీతలున్నాయా ఒకటేనా అని తడిమింది. లేచి నమ్మలేనట్టు తల అడ్డంగా ఊపుతూ నవ్వింది. అప్పుడు ప్రోథెరో గారు ఏ కాలో రాసుకున్న తన చేతి చీటీ చూసుకున్నాడు, మంచు చూశాడు, మళ్ళీ చీటీ చూసుకున్నాడు. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం అంత దూరం నుంచీ కనబడింది.

కమిటీ గదిలోకి నన్ను కూడా పిలిచారు. లుత్సీ మనవడు బార్తోల్ అధ్యక్షుడు. అతను చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం తిన్నవాడే.

"తప్పు నాదండీ," అన్నాడు ప్రోథెరో గారు, వచ్చీరాని జర్మన్‌లో. "నేను రెండు మాటలన్నాను. మొదటిది మాట కాదు, ఊరికే... నోటి అలవాటు. పిల్లని మళ్ళీ గీయనివ్వండి."

మెంజ తర్వాతి స్థానంలో ఉండి, ఇప్పుడు గెలవబోతున్న స్వీడన్ అమ్మాయి టూవా కూడా తలుపు దగ్గరికొచ్చి, మళ్ళీ గీయనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు అంది. మహాతల్లి. జడ్జీలంతా బార్తోల్ వైపు చూశారు.

బార్తోల్ మార్కుల కాగితం తనవైపు లాక్కున్నాడు. "వేరే ఏ దేశం పిల్లైనా అయుంటే గీయించేవాణ్ణేమో," అన్నాడు. "మన పిల్ల. మన ఊరి కప్పు. ఆఖరి పేరు. మా తాత సొంత కూతురికే ఒప్పుకోలేదు. ఇవాళ నేనొప్పుకుంటే, రేపు అందరూ ఏమంటారు సెరైనా అక్కా?"

"అననీరా. నోళ్ళే కదా."

"నన్నంటే పడతాను. మెంజనంటారు. కప్పు మీద పేరున్నంతకాలం అంటారు."

వాడి గొంతు పట్టుకుందామనిపించింది. తిట్టాను కూడా, మీ తాతకి పట్టిన మొండితనమే నీకూ పట్టిందని, కుక్కని ఆపలేనివాడు కూతుర్ని శిక్షించాడని. వాడు ఎదురు చెప్పలేదు. ఎదురు చెబితే బాగుండేది. అందరూ మంచివాళ్ళే, అందరి కళ్ళూ తడిగానే ఉన్నాయి. అంతమంది మంచివాళ్ళు కలిసి ఒక్క పిల్లకి ఏమీ చెయ్యలేకపోయారు. వచ్చే ఏడు చూసుకుందాంలే అని ఓదార్చడానికి వచ్చే ఏడు కూడా లేదు.

ఆఖరి గీతకి సున్నా వేశారు. కప్పు టూవాకెళ్ళింది.

నేను బట్టలు మార్చుకునే గదికి వెళ్ళేసరికి మెంజ బెంచీ మీద కూర్చుని స్కేట్ల లేసులు విప్పుతోంది. ఏడవడం లేదు. విషయం ఎవరో అప్పటికే చెప్పేశారు. తలుపవతల ఫ్లూరిన్ నిలబడ్డాడు, లోపలికి రావడానికి వాడికి మొహం చెల్లలేదు.

"అత్తా, నేను కాలు పెట్టగానే నీకు తెలిసిపోయిందా?"

"తెలిసిందే తల్లీ. అరవడానికి లేదు. అరిస్తే..."

"తెలుసులే. నేనూ ఈ ఊరిదాన్నే కదా."

ఒక స్కేటు విప్పి బ్లేడు గుడ్డతో తుడిచింది. అలవాటు కొద్దీ తడి మొత్తం పోయేదాకా తుడిచింది.

"రెండో చుట్టులో మీ వైపు తిరిగినప్పుడు చూశాను," అంది. "గీసేటప్పుడు ఎవరి వైపూ చూడొద్దని చెప్పావు, ఎప్పుడూ చూడలేదు. కానీ ఇవాళ ఎంత బాగా వస్తోందంటే, మీకు చూపించాలనిపించింది అత్తా. చూస్తే నువ్వు నాన్న నోరు మూసి పట్టుకునున్నావు."

రెండో స్కేటు లేసు విప్పసాగింది.

"సంతోషం పట్టలేక అరవబోతున్నాడనుకున్నాను," అంది మెంజ. "గెలిచేశాననుకున్నాను."