ముందటి అర్రలో పొగ

సిగరెట్ పీకను టీ గ్లాసులో ఆర్పే మగవాడికి ఆ గ్లాసు ఎవరు కడుగుతారో తెలియక కాదు, తెలిసే ఆర్పుతాడు. ఇరవై రెండు గ్లాసులు ముందేసుకుని కూర్చున్న రజితకు ఈ సంగతి ఆ పొద్దున కొత్తగా తట్టిందేమీ కాదు. పదకొండేళ్లుగా తడుతూనే ఉంది. పీకను వేలితో తీసి, అడుగున నానిన బూడిదను పీచుతో రుద్ది, వాసన చూసి మళ్లీ రుద్దింది. మధ్యలో దగ్గు వచ్చినప్పుడల్లా పని ఆపి, గోడ పట్టుకుని, అది తీరాక మళ్లీ మొదలుపెట్టింది. ఆమెకు అలా ఆగడం అలవాటైంది, ఇంట్లో వాళ్లకు ఆ చప్పుడు అలవాటైంది.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి పన్నెండు రోజులు. బడులు బంద్, బస్సులు బంద్. రజిత మొగుడు నరేందర్ సర్కారు బడిలో సోషల్ సారు, మండల జేఏసీలో ముఖ్యుడు. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలుపట్టాల దగ్గరున్న వాళ్ల ఇల్లే ఉద్యమానికి ఆఫీసయింది. పొద్దున పదిమంది, సాయంత్రం పదిహేనుమంది, ముందటి అర్రలో చాపలు పరిచి మీటింగు. ఎదురు చాయ్ హోటల్లో మఫ్టీ పోలీసులు చెవులొగ్గి కూర్చుంటున్నారని వాళ్ల అనుమానం. అందుకని కిటికీలు రెండూ మూసి గొళ్లెం పెట్టేవాళ్లు. మాట బయటికి పోయేది కాదు, పొగా పోయేది కాదు. పొగకు మిగిలిన దారల్లా వంటింటి గుమ్మం. ఆ గుమ్మం అవతల మూడో విడత చాయ్ మరిగిస్తూ రజిత ఉండేది. చాయ్ పని అయ్యాక అక్కడే కూర్చుని మర్నాటి ఊరేగింపుకు నినాదాల అట్టలు రాసేది. "మా రజిత రాస్తె అచ్చు కొట్టినట్టుంటది" అని నరేందర్ అందరికీ చెప్పుకునేవాడు. మెచ్చుకోవడంలో ఆయన పిసినారి కాదు, పాపం.

ఆయన మంచివాడే. ఈ మాట రజిత తల్లి అంటుంది, చుట్టాలంటారు, కోపం లేని రోజున రజితా అనుకుంటుంది. కొట్టడు, తిట్టడు, మందు ముట్టడు. సిగరెట్ ఒక్కటే. ఆ ఒక్కటీ రోజుకు ఇరవై సార్లు. పెళ్లైన కొత్తలో జర బయట తాగమంటే, "తాగేది నేను, దగ్గేది నువ్వా?" అని నవ్వాడు. ఇంకోసారి, "మీ తల్లిగారింట్ల కట్టెల పొయ్యి ఊదినవ్ గద, అప్పుడు రాని దగ్గు నా సిగరెట్టుకు వచ్చిందా?" అన్నాడు. సోషల్ సారు కదా, జవాబుకు లోటేముంది. అత్త వజ్రమ్మదీ అదే దారి. "మీ మామ ముప్పై ఏండ్లు నా పక్కపొంటి కూసోని చుట్ట తాగిండు. నేను సచ్చిన్నా?" అని, అన్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆమే దగ్గేది. ఇంట్లో దాన్ని ముసలి దగ్గు అంటారు. జుట్టు నెరవకముందు నుంచే ఉన్న దగ్గు ముసలి దగ్గెలా అవుతుందో ఎవరూ అడగలేదు.

ఎండాకాలంలో ఒక ఊరేగింపులో నరేందర్ పక్కనే టియర్ గ్యాస్ గుండు పడింది. కళ్లు ఎర్రబడి, ఒకటే దగ్గుతో ఇల్లు చేరాడు. సాయంత్రానికి సగం ఊరు పలకరించడానికి వచ్చింది. బత్తాయిలు తెచ్చారు, పేపర్లో ఫొటో వచ్చింది. రజిత పసుపు పాలు కాచింది, కళ్ల మీద తడిగుడ్డ వేసింది, వచ్చినవాళ్లందరికీ చాయ్ పోసింది. "ఊపిరాడకుంటె ఎట్లుంటదో మీకు తెల్వదన్నా" అని నరేందర్ చెబుతున్నాడు, తనతో పాటు జేఏసీలో తిరిగే లెక్చరర్ హన్మంత్‌కు. "పది నిమిషాలు. సచ్చిపోతనే అనుకున్న." చెబుతూనే ఒకటి ముట్టించాడు. హన్మంత్ ఇంకొకటి ముట్టించాడు. చాయ్ పళ్లెం పట్టుకున్న రజితకు నవ్వొచ్చింది, ఆ నవ్వే దగ్గయింది. "జర అవుతలికి పోయి దగ్గరాదు, మాట్లాడుతున్నం" అన్నాడు నరేందర్. పది నిమిషాలు ఊపిరాడనివాడికి బత్తాయిలు, పదకొండేళ్లు ఆడనిదానికి అవతలి అర్ర. ఆ రోజు రజితకు ఒళ్లు మండింది. మండిన ఒంటితోనే గ్లాసులు కడిగింది.

ఈ పొద్దు గ్లాసులు బోర్లించి జనగామ బయల్దేరింది. నాలుగు రోజులుగా పడుకుంటే ఊపిరి అందడం లేదు, గోడకు ఆనుకునే కునుకు తీస్తోంది. "దీక్ష టెంట్ల నేను లేకుంటె ఎట్ల, నువ్వే పోయిరా" అన్నాడు నరేందర్. బస్సుల్లేవు కాబట్టి జీపులో పదిమంది మధ్య ఇరుక్కుని పోయింది.

డాక్టరమ్మ ఒక గొట్టం ఇచ్చి ఊదమంది. దాని ముల్లు సగానికైనా పోలేదు.

"బీడీలు ఎన్నేండ్ల సంది తాగుతున్నవమ్మా?"

తప్పు చేసి దొరికినట్టు రజితకు సిగ్గేసింది. "నేను తాగ మేడం. మా సారు తాగుతడు."

"యాడ తాగుతడు?"

"ఇంట్లనే. ఇంకో పదిహేనుమంది గూడ. కిటికీలు మూసి."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "వాళ్లు పీల్చి ఇడిశిన పొగ, సిగరెట్ కొస కాలుకుంట ఇడిసే పొగ, రెండూ నీ లోపలికే పోతున్నయ్. ఊపిరితిత్తులే కాదు, గుండె గూడ ఖరాబైతది. కిటికీ తెరిస్తె సరిపోదు, ఇంట్ల తాగుడే బంద్ కావాలె. ఇట్లనే ఉంటె ఒకనాడు మందుకు గూడ లొంగదు. నోట్లె పెట్టుకోని పీల్చే పంపు రాసిస్త. గాలి మాత్రం నేను రాసియ్యలేను."

ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతోంది. ముందటి అర్ర నిండా మనుషులు, మనుషుల మీద పొగ. ఎప్పుడూ లేనిది, రజిత అందరి ముందూ డాక్టరమ్మ మాట చెప్పింది. నరేందర్ నవ్వాడు. "తెలంగాణ వచ్చిన రోజే బంద్ చేస్త. అందరి ముందట చెప్తున్న. అందాక జర ఆగు."

చప్పట్లు కొట్టారు. హన్మంత్ తనూ అదే రోజు మానేస్తానన్నాడు. మూలనుంచి ఎవరో "వదినా, చాయ్" అన్నారు.

రజిత వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించలేదు. గోడకు ఆనించి రేపటి అట్టలున్నాయి, నరేందర్ చెబుతుంటే నిన్న తను రాసినవే. పైన ఉన్నదాన్ని చూసింది. "అరవై ఏండ్లు ఆగినం. ఇంక ఆగేది లేదు." ఇన్ని అట్టలు రాసింది, అక్షరాలు వంకర పోకుండా చూసుకుందే గాని ఒక్కటైనా తన కోసం చదువుకోలేదు. కుంచె తీసి "అరవై" కొట్టేసింది. పైన "పదకొండు" అని రాసింది.

అట్ట పట్టుకుని అందరి మధ్య నుంచి నడిచి, కిటికీలు రెండూ తెరిచింది.

"పోలీసోళ్లు వింటరు" అన్నాడు నరేందర్.

"విననియ్యి."

పోయి వీధి గడప మీద కూర్చుంది. దీపాలు పెట్టే వేళ గడప మీద ఆడది కూర్చోవడం ఆ ఇంట ఎన్నడూ లేదు. "ఇంట్ల సిగరెట్ తాగుడు బంద్ అయ్యేదాక చాయ్ లేదు, వంట లేదు, అట్టలు లేవు" అంది.

"ఇజ్జత్ తీస్తున్నవ్ రజితా. ఆగుమన్న గద."

"మిమ్ముల గూడ అరవై ఏండ్ల సంది ఆగుమన్నరు. మీరు ఆగిన్రా?"

హన్మంత్ చేతిలో సిగరెట్ కాలుతోంది. ఆర్పడానికి గ్లాసు కోసం అటూ ఇటూ చూశాడు. చాయ్ రాలేదు కాబట్టి గ్లాసూ లేదు. చివరికి కిటికీ చువ్వకు నలిపి జేబులో వేసుకున్నాడు.

"అవ్వా, గడప మీద కూసున్నది, జర చెప్పు" అని నరేందర్ లోపలున్న తల్లిని కేకేశాడు. వజ్రమ్మ గోడ పట్టుకుని వచ్చింది. కోడలిని చూసింది, అట్టను చూసింది. ఆమెకు చదువు రాదు.

"గిండ్ల ఏం రాసినవే?"

"పదకొండేండ్లు ఆగిన, ఇంక ఆగేది లేదని అత్తమ్మా."

వజ్రమ్మకు దగ్గు తెర వచ్చింది. తీరేదాకా వంగి నిలబడి, తర్వాత మోకాళ్ల మీద చేతులు ఊని మెల్లగా కోడలి పక్కన గడప మీదే కూర్చుంది.

"మీ మామయి ముప్పై, వీనియి పదమూడు" అంది. "నాయి నలభై మూడు ఏండ్లు. గది గూడ రాయి."